గోడ మీద రేడియో

మొన్న టెస్టు మ్యాచ్ చివరి రోజున వేలూరు బాగాయంలోని మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. సోఫాకు ఈ మూల మా మనవడు, ఆ మూల వాడి స్నేహితుడు. మనవాళ్ళు ఓటమి తప్పించుకోవాలంటే సాయంత్రం దాకా నిలబడాలి. నిలబడితే చాలు, పరుగులు ఎవడిక్కావాలని ఒకడు. కొడితేనే ఫీల్డర్లు దూరం జరుగుతారు, అప్పుడే నిలబడటం కుదురుతుందని ఇంకొకడు. టీవీలో వ్యాఖ్యాత గొంతు వీళ్ళ గొంతుల కింద మునిగిపోయింది. నేను వంటింట్లో శెనక్కాయలు ఉడకబెడుతున్నాను.

"అవ్వా, నువ్వు చెప్పు. కొట్టల్లా, కట్టె వెయ్యల్లా?" అని మనవడు కేకేశాడు.

బంతికి బ్యాటు అడ్డం పెట్టి పొద్దు గడపడాన్ని మా వైపు కట్టె వెయ్యడం అంటారు. అరవంలోంచి మా నోళ్ళలోకి వచ్చిన మాట. వీడు ఎక్కడ నేర్చుకున్నాడో కాని, నేను మాత్రం ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆ మాట అనలేదు. పొయ్యి ఆర్పేసి వెనక వరండాలోకి పోయి కూర్చున్నాను. "అవ్వకు క్రికెట్టు యాడ తెలుసురా" అని లోపల స్నేహితుడు నవ్వాడు. నవ్వనీ. గోడెక్కి కూర్చుని టెస్టు మ్యాచ్‌లు విన్నదాన్ని నేను. ఉడికిన శెనక్కాయల ఆవిరి వరండా దాకా వచ్చింది. ఆ వాసన ఒక్కటి చాలు, నేను పుట్టి పెరిగిన గుడియాత్తం పోయి పడటానికి.

మాది అక్కడ లుంగీలు నేసే వీధి. తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగులు సాగదీసి ఉండేవి. వాటి కింద వంగి నడుస్తూ బడికి పోయేవాళ్ళం. పులిసిన గంజి వాసన, రంగు నీళ్ళ వాసన, మధ్యలో ఎవరింట్లోనో ఉలవలు ఉడుకుతున్న వాసన. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, కోపం వస్తే రెండూ కలిపి. తెలుగు మాట్లాడటమే కాని చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను కూడా ఈ వేలూరు రాకముందు, చిత్తూరు వైపు కాపురం ఉన్నప్పుడే అక్షరాలు దిద్దుకున్నాను.

మా నాయన మగ్గం గుంటలో కూర్చునే మనిషి. పోగు తెగితే విసుక్కోడు, లాగడు. రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేలు తడి చేసుకుని ముడి వేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ పడుగు మధ్యకు నాడె విసురుతాడు. మా పెదనాయన ఆ లుంగీలను మూట కట్టి, బస్సెక్కి, ఊళ్ళు తిరిగి అమ్మే మనిషి. అంగడివాడు నసిగితే రెండో మాట లేకుండా మూట భుజాన వేసుకుని పక్క అంగడికి పోయే రకం. ఒకరు నెయ్యడం, ఒకరు అమ్మడం, ఒకే కుండలో సంగటి. పెదనాయనకు పిల్లల్లేరు. ఊళ్ళ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన సంచీలో నాకని ఏదో ఒక చిరుతిండి ఉండేది. ఇద్దరు నాయనల మధ్య పెరిగాననే నేను అనుకునేదాన్ని.

అట్లాంటి ఇంటి మధ్యలో గోడ లేచింది. మా జేజికి, అంటే వాళ్ళ అమ్మకు, కడుపులో గడ్డ కనిపించింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. జబ్బు చాలా దూరం పోయింది, కోసి చూడవచ్చు, కాని బతుకుతుందని మాట ఇవ్వలేమని డాక్టర్లు దాచకుండా చెప్పారు. కోయిద్దామన్నాడు పెదనాయన. వద్దు, ఉన్నన్నాళ్ళు మన ఇంట్లోనే ఉండనిద్దామన్నాడు నాయన. ఇంటికి పెద్దవాడి మాట నెగ్గింది. కోశాక జేజి మళ్ళీ కళ్ళు తెరవలేదు, ఇంటికి నడిచి రాలేదు. ఎవరి తప్పూ లేదని పెద్దవాళ్ళందరూ అన్నారు. అన్నదమ్ములిద్దరూ మాత్రం కర్మకాండ అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడలేదు. కొన్నాళ్ళకు ఇల్లు పంచుకున్నారు. పెరట్లో ఇటుకలతో గోడ కట్టించారు. అది మనిషి రొమ్ము ఎత్తుకు వచ్చాక మేస్త్రీ మిగతాది తర్వాత కడతానని పోయాడు. మళ్ళీ వాణ్ణి ఎవరూ పిలవలేదు.

కుండలు పంచుకున్నారు, మగ్గాలు పంచుకున్నారు, కొబ్బరిచెట్టు కాయలు కూడా పంచుకున్నారు. పంచలేకపోయింది రేడియోనే. తోలు తొడుగు వేసిన ఆ రేడియో జేజిది. పొద్దున్నే భక్తి పాటలు పెట్టుకుని తల ఊపుతూ వినేది. దాన్ని ఒక నెల మా అమ్మ దగ్గర, ఒక నెల పెద్దమ్మ దగ్గర ఉంచాలని వీధి పెద్దలు తీర్పు చెప్పారు. మరి టెస్టు మ్యాచ్ వస్తే ఎలా? దానికి తీర్పు ఎవరూ చెప్పలేదు. మ్యాచ్ మొదలైన రోజు పొద్దున్న పెద్దమ్మ ఆ రేడియోని తెచ్చి నోరెత్తకుండా గోడ మీద పెట్టింది. అప్పటి నుంచి అదే ఆచారమైంది.

గోడకు ఇటువైపు నాయన, అటువైపు పెదనాయన, ఇద్దరూ గోడకు వీపు ఆనించి, పెడమొహాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. నాయనకు ఒక ముక్కాలిపీట, పెదనాయనకు నులక మంచం. గోడ మీద రేడియో, రేడియో పక్కన నేను. దాన్ని పడకుండా పట్టుకోవడం నా పని అని చెప్పి ఎక్కించారు. అసలు పని వేరే ఉంది.

"పాపా, మీ నాయనకి చెప్పు" అనేవాడు పెదనాయన. "బ్యాటు చుట్టూ నలుగురు నిలబడుకోని ఉండారంట. వాళ్ళ నెత్తి మీద ఎత్తి కొడితే గదా వాళ్ళు ఎనక్కి పోయేది. ఊరికే ఉంటే మన కంచంలో కూడా చెయ్యి పెడతారు."

మధ్యలో ఉన్నది జానెడు మందం గోడ. నాయనకు అంతా వినపడుతుంది. అయినా నేను ఇటు తిరిగి మొత్తం మళ్ళీ అప్పజెప్పాలి. విన్నాక నాయన బదులు చెప్పేవాడు.

"మీ పెదనాయనకి చెప్పు. వాళ్ళు నిలబడిందే మనోడు ఎత్తి కొట్టల్లని. బ్యాటు మెత్తగా పట్టుకోవల్ల. చేతిలో బిగువు ఉండకూడదు. బంతి వచ్చి కాళ్ళ కాడ సచ్చి పడల్ల. స్పిన్నుకి అదే మందు."

"ఎన్ని బంతులని సంపుతాడో అడుగు."

"పొద్దు గూకేదాకా అని చెప్పు."

"క్రీజు దాటి ముందుకు వచ్చి ఆడమను. బంతి తిరిగే లోపలే కొట్టేయల్ల. గుంటలో కూర్చున్నోడికి ముందుకు వచ్చేది యాడ తెలుస్తాది."

ఇట్లాంటివి వచ్చినప్పుడు నేను కొంచెం నేర్పు చూపించేదాన్ని. "నాయనా, ముందుకు వచ్చి ఆడితే బాగుంటాదేమో, నీకేం తోస్తాదని పెదనాయన అడగతా ఉండాడు" అని మెత్తగా చేసి అందించేదాన్ని. నాయన మీసం కింద నవ్వు దాచుకునేవాడు. అటువైపు పెదనాయన దగ్గేవాడు. వాళ్ళకు తెలుసు, నాకు తెలుసు. ఇంక ఏ సంగతీ మాట్లాడుకోని ఇద్దరు మనుషులు, బ్యాటు ఎట్లా పట్టుకోవాలనే దాని మీద మాత్రం రోజంతా వాదించుకునేవాళ్ళు. ఏదో ఒక మ్యాచ్‌లో, ఏదో ఒక ఓవర్లో నా పేరు మరిచిపోయి నేరుగా మాట్లాడేసుకుంటారని నేను కాచుకుని కూర్చునేదాన్ని. నాకు ఆటలో ఎవరు గెలిచినా ఒకటే. నాకు కావలసింది అదొక్కటే.

రేడియోలో కాసేపు ఇంగ్లీషు, కాసేపు అరవం వచ్చేది. ఇంగ్లీషు వచ్చినప్పుడు వీధిలో మగ్గాలు ఆడేవి. అరవం మొదలవగానే ఒక్కొక్కటే ఆగిపోయేది. నాయన కూడా ఇంగ్లీషు రాగానే లేచి గుంటలో దిగి నాలుగు నాడెలు విసిరి, అరవం వినపడగానే పీట మీదికి వచ్చేవాడు. ఆ ఆగడం, ఆడటం బట్టే మ్యాచ్ ఎవరి గొంతులో ఉందో వీధి చివర నీళ్ళ కుళాయి దగ్గర ఉన్నవాళ్ళకు కూడా తెలిసిపోయేది. మా అమ్మ, పెద్దమ్మ ఏనాడూ పోట్లాడుకోలేదు. మగవాళ్ళ నెత్తుల మీదుగా, నా చేతి మీదుగా గిన్నెలు అటూ ఇటూ పోయేవి. ఒకే కుండలో ఉడికిన శెనక్కాయలను ఇద్దరూ పెడమొహాలతోనే ఒలుచుకుని తినేవాళ్ళు. తొక్కలు చెరొకవైపు కుప్ప పడేవి.

ఒక ఏడాది, పండగ వెళ్ళాక, మద్రాసులో మ్యాచ్ జరిగింది. చివరి రోజు. మనవాళ్ళు ఓడిపోయేట్టే ఉన్నారు. నాయన చెప్పినట్టే ఒక పొట్టివాడు ఒక చివర పాతుకుపోయి కట్టె వేస్తున్నాడు. రెండో చివర వచ్చినవాడల్లా పోతున్నాడు. ఎండ గోడ మీది నుంచి పక్కకు జరిగింది. పెదనాయనకు ఓపిక పోయింది.

"పాపా, మీ నాయనకి చెప్పు. ఇట్ల బంతి బంతికీ భయపడతా ఉంటే ఒకరి ఎనక ఒకరు అందురూ పోతారు. ఒక్కసారన్నా ధైర్యం చేసేది నేర్చుకోమను."

నేను దాన్ని ఎట్లా మెత్తగా చెయ్యాలా అని చూస్తుండగానే నాయన అందుకున్నాడు. గొంతు పెంచలేదు.

"మీ పెదనాయనకి చెప్పు. ధైర్యం చేసి కొట్టినాడు గదా ఒకసారి, అమ్మని కోయించి. ఇంటికి తిరిగి వచ్చిందా ఆయమ్మ?"

నేను ఆ మాట మోయలేదు. మోయనవసరం లేకపోయింది. పెదనాయన మంచం కిర్రుమంది. ఆయన లేచి లోపలికి పోయాడు. తలుపు మెల్లగానే వేశాడు. పొట్టివాడు చివరిదాకా నిలబడ్డాడు, మ్యాచ్ డ్రా అయింది. వీధిలో పిల్లలు ఈలలు వేశారు. నాయన మాటే నెగ్గింది. ఆయన పీట మీద అట్లాగే కూర్చుని ఒలిచిన శెనక్కాయ నోట్లో వేసుకోకుండా చేతిలో పట్టుకుని ఉన్నాడు. నేను రేడియో ఆపి, అటువైపు తొక్కల కుప్ప చూసి, ఎందుకో ఏడ్చాను.

ఆ ఎండాకాలం పెదనాయన ఊళ్ళు తిరగడం తగ్గించాడు. లుంగీ రోజురోజుకూ నడుం మీద వదులైంది. వేలూరు పోయి చూపించుకుని వచ్చాడు. జేజికి వచ్చిందే ఈయనకూ వచ్చింది. ఈయనది మాత్రం అంత దూరం పోలేదని, కోస్తే నిలబడే దారి ఉందని డాక్టర్లు చెప్పారు. వద్దన్నాడు ఆయన. ఎవరు చెప్పినా అదే మాట. ఒక సాయంత్రం పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. గోడ లేచాక ఆమె నాయనను నేరుగా పిలవడం అదే మొదలు.

"నువ్వన్నా చెప్పప్పా. నా మాట వినేట్టు లేడు" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాయన మగ్గం ఆపి బయటికి వచ్చాడు. చాలాసేపు పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. చివరికి పీట తెచ్చి గోడ దగ్గర వేసుకుని, "పాపా, ఎక్కు" అన్నాడు.

"మ్యాచి లేదు గదా నాయనా."

"ఎక్కు తల్లీ."

ఎక్కాను. రేడియో లేని గోడ మీద కూర్చోవడం వింతగా ఉంది. అటువైపు పెదనాయన మంచంలో ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు.

"మీ పెదనాయనకి చెప్పు. కొట్టమను" అన్నాడు నాయన.

"పెదనాయనా, కొట్టమంటా ఉండాడు నాయన."

ఆయన నెమ్మదిగా లేచి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"మీ నాయనకి చెప్పు. ఈసారి నేను కట్టె వేస్తానని."

"వద్దని చెప్పు. కొట్టల్సినప్పుడు కొట్టల్ల అని చెప్పు. వేలూరికి నేను కూడా వస్తానని చెప్పు. బస్సు వద్దు, కారు మాట్లాడతానని చెప్పు. అన్నీ చెప్పు పాపా." అన్నాడు నాయన.

"అమ్మని ఇంట్లోనే పెట్టుకుందామని మీ నాయన అప్పుడే చెప్పినాడు. నేను వినలే. తన మంచంలో, తన ఇంట్లో పోయుండల్ల ఆయమ్మ. చెప్పు మీ నాయనకి. ఆయప్ప చెప్పిందే సరి అని చెప్పు."

నేను ఇటు తిరిగాను. అప్పటికే నాయన పీట మీద లేడు. ఆ గోడను ఒక్క ఊపులో దాటవచ్చు. ఆయన దాటలేదు. వాకిట్లోకి వెళ్ళి, వీధి మీదుగా చుట్టు తిరిగి, అన్న తలుపు తట్టి, పెద్దమ్మ తీశాక లోపలికి పోయాడు. మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అన్నా, నేను చెప్పింది తప్పన్నా. కొట్టన్నా."

పెదనాయన ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ ఆట నన్నొకసారి ఆడనీరా" అన్నాడు.

నేను కోరుకున్నది జరిగింది. నా పేరు లేకుండా వాళ్ళు మాట్లాడుకున్నారు. ఇట్లా జరగాలని మాత్రం నేను కోరుకోలేదు.

ఆ తర్వాత నాయన రోజూ అన్న మంచం దగ్గరే. పాత సంగతులు, జేజి చేసే ఉలవచారు, చిన్నప్పుడు కౌండిన్య ఏటి ఇసుకలో గుడ్డల బంతితో ఆడిన ఆటలు, అన్నీ మాట్లాడుకున్నారు. ఎన్నోసార్లు బతిమాలాడు, ఆయన ఒప్పుకోలేదు. ఆయనకు బతకాలని లేకనా? అట్లా అనుకోను. తమ్ముడి మాట తోసేసి అమ్మను పంపించాడు. ఈసారి ఆ మాట నిలబెట్టాలనుకున్నాడు. అది మొండితనమో ప్రేమో ఈ వయసులో కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను. చివరి రోజుల్లో నొప్పి ఆయన్ని వదల్లేదు. ఆ మూలుగు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. వానలు మొదలయ్యేసరికి ఆయన తన మంచంలో, తన ఇంట్లో పోయాడు. అనుకున్నట్టే పోయాడని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నాయన వాళ్ళ వైపు చూడలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. దాన్ని కొన్నవాళ్ళు గోడను కూడా పడగొట్టి లుంగీల గోడౌను కట్టారని విన్నాను. ఏట్లో మోర్ధానా ఆనకట్ట నీళ్ళు వదిలినప్పుడు పారుతాయట, ఇసుకలో ఆడే పిల్లలు లేరట. నాయన పోయి కూడా చాలా కాలమైంది. ఎవరైనా కొట్టాలా, నిలబడాలా అని అడిగితే నాకు గుర్తుకొచ్చేది పెదనాయన పోయాక వచ్చిన చలికాలం.

మళ్ళీ టెస్టు వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే రేడియో తెచ్చి గోడ మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఇటువైపు చూస్తే పీట ఖాళీగా ఉంది. నాయన కోసం వెతికాను. ఆయన అటువైపు ఉన్నాడు. అన్న నులక మంచం మీద, అన్న కూర్చునే చోటే, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు.

మనవాళ్ళకు వికెట్లు పడుతున్నాయి. చుట్టూ ఫీల్డర్లు మూగారని అరవంలో చెబుతున్నారు. వీధిలో మగ్గాలు ఆగి ఉన్నాయి.

"పాపా, మీ నాయనకి చెప్పు" అన్నాడు నాయన. గొంతు ఆయనదే, మాట పెదనాయనది. "ఎత్తి కొట్టమను. కట్టె వేసి ఎవర్ని కాపాడినాడో అడుగు."

అన్నాళ్ళూ నేను ఏ కరుకు మాటనూ ఉన్నది ఉన్నట్టు మోయలేదు. ఆ రోజు దాన్ని మెత్తగా చెయ్యడం నాకు చేతకాలేదు. ఖాళీ పీట వైపు తిరిగాను.

"నాయనా, ఎత్తి కొట్టమంటా ఉండాడు పెదనాయన. కట్టె వేసి ఎవర్ని కాపాడినావని అడగతా ఉండాడు."

రేడియోలో ఇంగ్లీషు మొదలైంది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. మా మగ్గం కదల్లేదు.

"ఏమంటా ఉండాడు మీ నాయన?" అని అడిగాడు ఆయన. తల తిప్పలేదు.

"ఏమీ అనలే, పెదనాయనా" అన్నాను. "ఏడస్తా ఉండాడు."

ఎప్పటిలాగే కల్పించి చెప్పానని ఆయన అనుకుని ఉంటాడు. కల్పించలేదు, ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. గోడ మీద కూర్చున్నదాన్ని, నాకు రెండు వైపులా కనిపించేది.